వేడి ఎక్కడ తప్పిపోయింది?

పుష్యమాసపు చలిలో తెల్లవారుజామున చన్నీళ్లు ఒంటిమీద పోసుకోవటం ఎంత కష్టమో మీకు తెలుసు. హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్ట సందుల నిండా చదువుల కోసం ఊళ్లనుంచి వచ్చినవారి హాస్టళ్లే. ఇప్పుడు చాలా చోట్ల కరెంటు గీజర్లు, మేడమీద సోలార్ హీటర్లు వచ్చాయి. కాని కట్టెల బాయిలరులో ఉన్నంత భౌతికశాస్త్రం వాటిలో కంటికి కనిపించదు.

ఒక రెండంతస్తుల హాస్టలు ఊహించుకోండి. పెరట్లో బాయిలరు. మధ్యలో పొయ్యి, పొగగొట్టం. వాటి చుట్టూ నీళ్లు. వేడెక్కిన నీరు తేలికై ఒక గొట్టంగుండా మేడమీది ట్యాంకులోకి ఎక్కుతుంది. చల్లని నీరు బరువుగా ఉండి మరో గొట్టంగుండా కిందికి దిగుతుంది. ఇదే ఉష్ణసంవహనం. మంచు కురిసే దేశాల్లో ఇలాంటి పెద్ద పొయ్యినే ఇంటి బయట పెట్టి, వేడినీటిని పంపుతో భూమిలోని గొట్టాలగుండా గదుల్లోకి పంపి ఇల్లంతా వెచ్చబరుస్తారు.

మన హాస్టల్లో మంట భగభగ మండుతోంది. పైఅంతస్తు కొళాయిలో మాత్రం గోరువెచ్చని నీళ్లే! "ఇంకో నాలుగు కట్టెలు వెయ్యండి" అంటారు అందరూ. ఆగండి. ముందు లెక్క చూద్దాం.

లెక్క ఏం చెబుతుంది?

200 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెంటిగ్రేడుకు తేవటానికి 200 × 40 = 8,000 కిలోకెలోరీలు కావాలి. బాగా ఎండిన కిలో కట్టె సుమారు 4,400 కిలోకెలోరీలు ఇస్తుంది. అందులో సగమే నీటికి అందినా 4 కిలోల కట్టె చాలన్నమాట. పది కిలోలు కాల్చినా నీరు కాగలేదంటే లోపం కట్టెల లెక్కలో లేదు. వేడి దారిలో ఎక్కడో తప్పిపోతోంది.

ఎక్కడో తెలుసుకోవటానికి ఒక థర్మామీటరు చాలు. బాయిలరునుంచి వచ్చే నీటిని ఒకసారి, మేడమీది కొళాయి నీటిని ఒకసారి కొలవండి. బాయిలరు నీరే చల్లగా ఉంటే దోషం పొయ్యి దగ్గర. అక్కడ వేడిగా ఉండి పైన చల్లగా ఉంటే దోషం గొట్టాల్లో.

పొయ్యి దగ్గరి దొంగలు

మొదటి దొంగ పచ్చి కట్టె. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సుమారు సగం నీరే. పది కిలోలు కొంటే అయిదు కిలోల నీటికి డబ్బిచ్చినట్టే! ఆ నీరు ఆవిరి కావటానికి 3,000 కిలోకెలోరీలకు పైగా ఖర్చవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది: పొయ్యి చల్లబడి, కట్టెలోంచి వచ్చే వాయువులు మండకుండానే పొగగా పోతాయి. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండువి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి.

రెండవ దొంగ గాలి. బూడిద పేరుకుని కింది చువ్వల సందులు మూసుకుంటే గాలి చాలక నల్లని పొగ వస్తుంది. తలుపు బార్లా తెరిస్తే గాలి ఎక్కువై వేడిని పొగగొట్టంలోంచి ఎత్తుకుపోతుంది. రెండూ నష్టమే.

మూడవ దొంగ పూత. మంట వైపు మసి, నీటి వైపు సున్నపు పెచ్చు. రెండూ లోహంకన్నా ఎన్నో రెట్లు అధమ ఉష్ణవాహకాలు. బోరునీరు కఠినజలం అయినచోట పెచ్చు త్వరగా కడుతుంది. ఇంట్లో నీళ్లు కాచే పాత గిన్నె అడుగున ఉన్న తెల్లని పెచ్చు కొంచెం గీకి నిమ్మరసంలో వెయ్యండి. బుడగలు వస్తే అది కాల్షియం కార్బనేటు. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడు.

గొట్టాల్లోని దొంగలు

లీటరు నీరు 20 డిగ్రీల వద్ద 998 గ్రాములు, 60 డిగ్రీల వద్ద 983 గ్రాములు తూగుతుంది. ఈ 15 గ్రాముల తేడాయే నీటిని మేడమీదికి నడిపిస్తుంది! ఇంత చిన్న బలాన్ని ఆపటానికి గొట్టం వంపులో చిక్కిన గాలి చాలు. అందుకే పైకి వెళ్లే గొట్టం ఎక్కడా దిగకుండా ఎక్కుతూనే ఉండాలి. గాలి పోవటానికి పైన తెరిచిన గొట్టం ఉండాలి.

ఇక గొట్టానికి చుట్టిన గోనెపట్టా. పొడిగా ఉంటే అది వేడిని కాపాడుతుంది. తడిస్తే, మట్టికుండ నీటిని చల్లబరచినట్టే, గొట్టాన్ని చల్లబరుస్తుంది. చలి దేశాల్లో కూడా భూమిలోని గొట్టాల చుట్టూ నీరు చేరితే వేడి అంతా నేలపాలే.

ఈ జాగ్రత్తలు మరవకండి

గాలి గొట్టాన్ని ఎన్నడూ బిగించి మూయకూడదు. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు వ్యాకోచిస్తుంది. దారి లేకపోతే బాయిలరు బాంబులా పేలుతుంది. అలాగే చలికి తట్టుకోలేక నిప్పుల కుంపటిని గదిలోకి తెచ్చి తలుపులు మూసుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బాయిలరును పెరట్లో పెట్టటంలో ఉన్న అసలు తెలివి ఇదే.

చేసి చూడండి

ఒక పచ్చి కట్టెముక్కను తూచి, ఎండలో ఉంచి, వారం వారం తూచి రాసుకోండి. బరువు తగ్గటం ఎప్పుడు ఆగుతుందో చూడండి. ఆ కట్టెలో మీరు మోసిన నీరు ఎంతో మీ లెక్కే చెబుతుంది.