అడగకుండానే చేరిన డ్రైవర్, 16 ఏళ్లు దాగిన లోపం

కరపత్రం, వినతిపత్రం, నిజనిర్ధారణ నివేదిక... ఏది కాగితం మీదికి రావాలన్నా కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పనిచేయాలి. దాన్నే డ్రైవర్ అంటారు. అలాంటి ఒక డ్రైవర్‌లోని లోపాన్ని 2021 జూలైలో సెంటినెల్‌వన్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. సంఘాల ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఆ డ్రైవర్ పేరు ఎస్‌ఎస్‌పోర్ట్. 2005 నుంచి వాడుకలో ఉంది. హెచ్‌పీ, శాంసంగ్ ప్రింటర్లలో 380కి పైగా మోడళ్లకు, జిరాక్స్ కంపెనీ ప్రింటర్లలో కనీసం డజనుకు ఈ లోపం అంటుకుంది. దాని నంబరు సీవీఈ-2021-3438, తీవ్రత 10కి 8.8.

ఇంతకీ లోపం ఏమిటి? ప్రతి ప్రోగ్రామూ తనకు వచ్చే సమాచారం కోసం మెమరీలో కొంత చోటు పెట్టుకుంటుంది. శేరు పట్టే గిన్నెలో రెండు శేర్ల బియ్యం పోస్తే పక్కకు ఒలుకుతాయి. మెమరీలో ఒలికిన సమాచారం పక్కనున్నదాన్ని చెరిపేసి ఆ చోట కూర్చుంటుంది. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. ఈ డ్రైవర్‌లో కొలత అసలు లేకపోలేదు. కానీ ఎంత పోయాలన్నది గిన్నెను చూసి కాదు, పోసేవాడు చెప్పిన అంకెను బట్టి నిర్ణయించారు!

డ్రైవర్ పనిచేసేది విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో. అక్కడ మెమరీ ఒలికితే మామూలు యూజర్ కూడా కంప్యూటర్ మొత్తానికి యజమాని కాగలడు. ఇతరుల ఫైళ్లు తెరవగలడు, మార్చగలడు, లేనివి పెట్టగలడు.

అయితే ఇంటర్నెట్ నుంచి నేరుగా చొరబడే దారి కాదిది. ముందు ఆ కంప్యూటర్‌లో ఏదో ఒక విధంగా కాలు పెట్టాలి. దీన్ని ఎవరైనా వాడుకున్న దాఖలా కనిపించలేదని సెంటినెల్‌వన్ అప్పట్లో చెప్పింది. కానీ పదిమంది వాడే ఒకే కంప్యూటర్‌లో బాధితుల వాంగ్మూలాలు, సాక్షుల ఫోన్ నంబర్లు ఉన్నప్పుడు దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

ఈ డ్రైవర్ తన కంప్యూటర్‌లో చేరిన సంగతే చాలామందికి తెలియదు. ప్రింటర్ తగిలించకపోయినా, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అది లోడవుతుంది. అలాంటప్పుడు తప్పు యూజర్ అజాగ్రత్తది ఎలా అవుతుంది? తన ఉత్పత్తుల్లో ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీవేనని 2019లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో హద్దు చూసుకునే భారం ప్రోగ్రామర్ మీదే. రస్ట్ లాంటి భాషలు ఆ హద్దును చాలావరకు తామే కాపలా కాస్తాయి. ఏ భాషలో రాయాలో, పాత కోడ్‌ను ఎప్పుడు తనిఖీ చేయాలో తేల్చేది కంపెనీలే. జవాబు చెప్పాల్సిందీ అవే.

హెచ్‌పీ 2021 మేలోనే సవరణ ఇచ్చింది. పాత ప్రింటర్ వాడుతుంటే కంపెనీ సైటు నుంచి కొత్త డ్రైవర్ వేసుకోండి. పాత సీడీ జోలికి పోవద్దు. ప్రింటర్ ఇప్పుడు లేకపోతే డ్రైవర్ తీసేయండి. సాక్షుల వివరాలను అందరూ వాడే కంప్యూటర్‌లో అసలు ఉంచొద్దు.