కొట్టివేయని చీటి

స్వాతీ నక్షత్రమునాడు మా యాదగిరిగుట్ట గిరిప్రదక్షిణము సేయువారితో నిండిపోవును. 2022వ సంవత్సరము మార్చి 28వ తేదీని మహాకుంభ సంప్రోక్షణము జరిగి, నూతనాలయమున స్వామి దర్శనము మొదలైన పిమ్మట యాత్రికుల రద్దీ మఱింత హెచ్చినది. సత్రములో ఒక గది ఖాళీ యగుటయే తడవుగ మఱియొక కుటుంబ మందు దిగుచుండును. ఇట్టి రద్దీలో ఒక రాత్రి జరిగిన సంగతిని సోదరీమణులకు ముందుగ విన్నవించెదము.

మా పుట్టినింటివారు కొందఱు దర్శనమునకై వచ్చి ఒక సత్రమున గది పుచ్చుకొనిరి. ఆడువారికి తోడుగ మేమును అచటనే పరుండితిమి. రెండు జాములు దాటినపిదప ఎవ్వరో వెలుపలనుండి తాళము తీసి తలుపు త్రోసిరి. అందఱము ఉలికిపడి లేచితిమి. వచ్చినవాడు దొంగ కాడు. ఆ సాయంకాలమే యా గది ఖాళీచేసిన పెద్దమనిషి. గూటిలో మఱచిన కండ్లజోడు కొఱకు తిరిగివచ్చెను. కావలివాడు తన జేబులోని చీటి తీసి చూచెను. అందు ఆ గది కెదురుగ ఆయన పేరే యుండెను. కావున సందేహింపక తలుపు తీసెను. పాపమా పెద్దమనిషి సిగ్గుపడి, చేతులు జోడించి వెడలిపోయెను.

మఱునాడు విచారింపగా, గుమాస్తా రిజిస్టరులో పాత పేరు కొట్టివేసి మావారి పేరు వ్రాసియే యున్నాడు. రిజిస్టరున నెట్టి తప్పును లేదు. ప్రతిసారి ఆఫీసునకు పోయి రిజిస్టరు చూచుట ఆలస్యమని కావలివాడు వ్రాసికొన్న చీటిని మాత్రము ఎవ్వరును దిద్దలేదు.

మాతో వచ్చిన వారిలో మా అక్కగారి కుమార్తె యొకతె గలదు. ఆమె హైదరాబాదులో కంప్యూటరుల పని చేయుచున్నది. అందఱును గుమాస్తాను దూషించుచుండగా ఆమె మెల్లగ, "చిన్నమ్మా, నేను దినమంతయు చూచెడి తప్పు ఇదియే" అనెను. ఆశ్చర్యపడి మేము ప్రశ్నింపగా ఆమె చెప్పిన సంగతులు మా చదువరులకు గూడ నుపయోగించునని తలంచి యిచట వ్రాయుచున్నాము.

కంప్యూటరు పని చేయునపుడు అక్షరములు, లెక్కలు, చిత్రములు అన్నియు మెమొరీ యను చోట తాత్కాలికముగ నుండును. అది యొక మహాసత్రము. దానిని సాధారణముగ 4,096 బైట్లు పట్టు చిన్న గదులుగ విభజింతురు. వీనికి పేజీలని పేరు. ఎనిమిది గిగాబైట్ల మెమొరీ గల యంత్రమున నిట్టి గదులు 20,97,152 ఉండును. ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాము, బ్యాంకు లెక్క చూపు ప్రోగ్రాము, పిల్లల యాట, ఇవి యన్నియు ఏకకాలమున దిగిన యాత్రికులు. ఒకరి గదిలోనికి మఱియొకరు పోరాదు. ఎవరి కే గది యిచ్చినదియు వ్రాసియుంచు రిజిస్టరును పేజీ పట్టిక యందురు. ఫలాని గది ఫలాని ప్రోగ్రామునదని పట్టిక కెక్కించుటయే మెమొరీ మ్యాపింగ్. సత్రము నేలు యజమాని ఆపరేటింగ్ సిస్టమ్. అందు ముఖ్యమైన యధికారము గల భాగము కర్నెలు.

తెఱమీద బొమ్మలు చూపుటకు గ్రాఫిక్సు ప్రాసెసరను వేఱొక యంత్ర భాగము గలదు. దాని అక్కఱలు కనిపెట్టి గదు లిప్పించు గుమాస్తాను డ్రైవరందురు. తెఱమీద అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్క లున్నచో మొత్తము 20,73,600 చుక్కలగును. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున ఒక్క బొమ్మకే 2,025 గదులు కావలయును. ఇట్టి బొమ్మలు క్షణమునకు అఱువది మాఱులు మాఱుచుండును. అంత వేగమున ప్రతిసారియు పెద్ద పట్టికను తిరుగవేయుట కుదరదు. కావున యంత్రము ఇటీవల చూచిన గదుల వివరములను ఒక చిన్న చీటిలో నుంచుకొనును. దానిని టి.ఎల్.బి. యందురు. మన కావలివాని జేబులోని చీటి యిదియే!

మా అమ్మాయి పని యేమనగా, ఈ డ్రైవరులో ఇతరులు వ్రాసిన మార్పులను చదివి మంచి చెడ్డలు చెప్పుట. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు దేశపు విద్యార్థి ప్రారంభించిన లినక్సు కర్నెలు నేడు ప్రపంచమంతటను వాడుకలో నున్నది. దాని వ్రాత బహిరంగము; ఎవ్వరైనను చదువవచ్చును. మార్పు చేయగోరువారు తీసివేసిన పంక్తులకు తీసివేత గుఱుతును, చేర్చిన పంక్తులకు కూడిక గుఱుతును పెట్టి పంపుదురు. దీనిని ప్యాచ్ అందురు. వ్రాసినవారు తమ పేరు క్రింద వ్రాయుదురు. పరిశీలించినవారు "నేను పరిశీలించితిని" అని తమ పేరును జేర్తురు. అటుపిమ్మట నా డ్రైవరు బాధ్యులు, గ్రాఫిక్సు విభాగమును పర్యవేక్షించు డేవ్ ఎయిర్లీ మున్నగువారు, కడకు టోర్వాల్డ్స్, ఇట్లు చేతులు మాఱి కర్నెలులో జేరును. ఆ పేరు చిరకాలము నిలుచును. తరువాత తప్పు బయటపడినచో చదివినవా రెవరని లోకమునకు తెలియును.

"చదువునపు డేమి చూతువమ్మా?" యని యడిగితిమి. ఆమె వ్రేళ్లు మడచి చెప్పెను. మొదటిది, అడిగిన గదుల లెక్క సరియైనదా? ప్రారంభపు సంఖ్యకు పొడవు కూడినపుడు మొత్తము పట్టు మేరను మించి, తిరిగి సున్నకు వచ్చినచో, చిన్న సంఖ్య యని భ్రమపడి పరుల గదులు గూడ నిచ్చివేయుదురు. రెండవది, చూచుటకు మాత్రమే యనుమతి గలవానికి వ్రాయుట కనుమతి దొరకుచున్నదా? మూడవది, ఒక రింకను గదిలో నుండగనే దానిని ఖాళీ యని తలంచు వీలున్నదా? నాలుగవది, తిరిగి పుచ్చుకొనునపుడు క్రమము తప్పుచున్నదా? ముందు పట్టికలో పేరు కొట్టివేయవలయును; పిదప చీటి చెఱుపవలయును; ఆ మీదటనే గదిని మఱియొకరి కీయవలయును. ఈ క్రమము ఱెప్పపాటు తలక్రిందైనను పాతవానికి క్రొత్తవాని సొమ్ము కనబడును.

ఈ నాలుగవ ప్రశ్నయే మిక్కిలి కఠినమట. మొదటి వానిలో తప్పు వ్రాసినచోట కనబడును. దీనిలో తప్పు వ్రాయని చోట నుండును. మా యింటివారు పిల్లల వ్రాతపుస్తకములు దిద్దునపుడు తప్పు వ్రాసిన దానిని ఎఱ్ఱసిరాతో చుట్టివేయుట సులభము. వ్రాయవలసియు వ్రాయక విడిచినదానిని పట్టుకొనుట పాఠమంతయు మనసున నున్నవారికే సాధ్యము.

దీనికి జరిగిన నిదర్శనమే గలదు. ఇంటెల్ సంస్థవారి గ్రాఫిక్సు యంత్రములకై లినక్సులో ఐ915 అను డ్రైవరున్నది. గదులను విడిచిపెట్టునపుడు అది గ్రాఫిక్సు ప్రాసెసరు చీటిని చెఱుపుట లేదని 2022 జనవరిలో వెల్లడియైనది. ఆ లోపమునకు సి.వి.ఇ.-2022-0330 అను సంఖ్య నిచ్చిరి. ఆ యంత్రమున ప్రోగ్రాము నడుప గలిగిన దుర్బుద్ధి యొకడు తనవి కాని గదులలోనికి తొంగిచూచుటకును, వానిని పాడుచేయుటకును వీలుండెను. గదులను విడుచుటకు ముందు చీటిని చెఱుపునట్లు డ్రైవరును దిద్దిరి. ప్రతిసారి చెఱుపుటవలన కొంత వేగము తగ్గును. అయినను ముందు క్షేమము, పిదప వేగము అని నిశ్చయించుకొనిరి. ఆ దిద్దుబాటు క్రింద, లోపమును తెలిపినవారి పేరును గూడ వ్రాసిరి. అది మన యిండ్లలో ఆడుబిడ్డలకు పెట్టుకొను పేరే యని మా అమ్మాయి చెప్పినపుడు మాకు గలిగిన సంతోష మింతింత గాదు.

కథ యంతటితో ముగియలేదు. అదే సంవత్సరము నవంబరులో మఱియొక సంగతి తేలినది. పండ్రెండవ తరపు యంత్రములలో వీడియో, గణన భాగములకు చీటిని చెఱుపుమని చెప్పు పద్ధతి వేఱు. ఆజ్ఞ వ్రాసిన గడికి జోడుగ పైసగములో నొక యనుమతి గడిని గూడ నింపవలయును. లేనిచో ఆ యాజ్ఞను యంత్రము పాటింపదు. పాటింపలేదని చెప్పనైన చెప్పదు! జనవరిలో చేసిన దిద్దుబాటులో ఈ జోడు గడి నింపబడలేదు. పది నెలలు ఆ భాగములలో చీటి చెఱుపబడినదనియే యందఱును నమ్మియుండిరి. దీనికి సి.వి.ఇ.-2022-4139 అని సంఖ్య నిచ్చి మరల దిద్దిరి. తప్పును దిద్దిన చేతిని గూడ పరీక్షింపవలయునని దీనివలన తెలియుచున్నది. చేయుమని యాజ్ఞాపించుట వేఱు, చేయబడినదని చూచుకొనుట వేఱు.

ఇది విన్నపుడు మాకు భారతములోని సౌప్తిక పర్వ కథ స్మరణకు వచ్చినది. అశ్వత్థామయు, అర్జునుడును బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించిరి. నారద వ్యాసులు నడుమ నిలిచి ఉపసంహరింపుడనగా అర్జునుడు ఉపసంహరించెను. అశ్వత్థామకు ప్రయోగము తెలియును, ఉపసంహారము చేతకాలేదు. ఆ యస్త్రము కడకు ఉత్తర గర్భస్థమైన శిశువుపై బడెను. ప్రయోగము నేర్చినవారు లోకమున పెక్కండ్రు. ఉపసంహారమును గూడ నేర్చినవాడే ఆ విద్యను పూర్తిగ నేర్చినవాడు.

మొన్న మా యింట నున్నపుడు ఆమెకు పరిశీలనార్థ మొక మార్పు వచ్చినది. వ్రాసినవాడు ఆమెకన్న అనుభవమునను, పదవియందును పెద్దవాడు. ఉదయమునకే కావలయునని త్వరపెట్టుచుండెను. "పేరు వ్రాసి పంపరాదా, పెద్దవారు వ్రాసినదే గదా" యని మేమే యంటిమి. ఆమె తల యూపి, "గదులన్నియు నిచ్చిన పిదప ఖాళీ చేయుచోట బాగుగనే యున్నది చిన్నమ్మా. పది గదులలో ఆఱు ఇచ్చి ఏడవది దొరకనిచో ఆ యాఱింటి గతి యేమి? ఆ త్రోవలో చీటి చెఱుపుట లేదు" అని, వినయముగ నొక్క ప్రశ్న మాత్రము వ్రాసి పంపెను. రాత్రి నిద్రపోలేదు. పెద్దవానిని తప్పుపట్టితినేమో యని భయము. తెల్లవారుసరికి ప్రత్యుత్తరము వచ్చినది: నీవన్నది నిజము, దిద్ది పంపెదను, అని. రెండవసారి పంక్తి పంక్తియు చదివి అప్పుడు తన పేరు వ్రాసెను. ముందురాత్రి ఆమెకు మేమిచ్చిన సలహా తలచుకొని సిగ్గుపడితిమి.

సోదరీమణులారా, ఇది మనకెందులకని తలంపవలదు. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులలోను లినక్సు కర్నెలే యున్నది. వానిలో గ్రాఫిక్సు డ్రైవరులు వేఱైనను గదుల లెక్క ఒక్కటియే. పిల్లల ఛాయాచిత్రములు, బ్యాంకు రహస్యపదములు అన్నియు నా గదులలోనివే. తయారుచేసినవారు దిద్దుబాటు పంపినపుడు ఫోను అప్‌డేట్ చేయుమని యడుగును. తరువాత చూతమని నెలల తరబడి వాయిదా వేయుట, తాళము చెడినదని తెలిసియు తలుపు దగ్గఱవేసి పరుండుట వంటిది. ఇంటనున్న యంత్రములకు దిద్దుబాట్లు వచ్చుట మానినవో లేదో గూడ విచారించుకొనుడు.

కుమార్తెలకు చదువు చెప్పించుచున్న తల్లులకు ఒక్క మనవి. ఇట్టి పనికి బియ్యమేరునట్టి యోపికయు, పద్దు చూచునట్టి జాగ్రత్తయు, పెద్దలనైనను మర్యాదతో ప్రశ్నించు ధైర్యమును కావలయును. మొదటి రెండును మనము నేర్పుచునే యున్నాము. మూడవదానిని గూడ నేర్పుదము.

ఆ సత్రమున నిపుడు గది ఖాళీ చేసినవారి యెదుటనే కావలివాని చీటిలోని పేరును కొట్టివేయుచున్నారు.