కవరు మీద యుద్ధం

"ఉత్తరం లేని కవరుకి డబ్బులు పెట్టే మనిషిని మిమ్మల్నే చూశాను" అంటుంది మా ఆవిడ. ఈ వారం ఆ కవర్ల గురించే చెబుతాను. అమెరికాలో ఉంటున్న మనకి, మన పిల్లల చరిత్ర పాఠాలకి వీటితో కొంచెం సంబంధం ఉంది.

1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలాయి, అంతర్యుద్ధం మొదలైంది. ఆ ఏడాదే ఉత్తరాది అచ్చు వ్యాపారులు బొమ్మల కవర్లు వేయడం మొదలుపెట్టారు. జెండాలు, గద్దలు, వాషింగ్టన్ బొమ్మ, ఉరికంబం మీద జెఫర్సన్ డేవిస్, ఇలా వేలరకాలు వచ్చాయి. న్యూయార్క్‌లో చార్లెస్ మాగ్నస్ అనే ఆయన చేత్తో రంగులు అద్దించి మరీ అమ్మాడు. 1861 మే 24న అలెగ్జాండ్రియాలో ఒక హోటల్ మీది తిరుగుబాటు జెండా దించి, మెట్లు దిగుతూ చనిపోయిన కల్నల్ ఎల్స్‌వర్త్ బొమ్మతో కూడా చాలా కవర్లు వచ్చాయి. అతనికి అప్పటికి 24 ఏళ్ళు. మన సినిమా పోస్టర్లలాగా అన్నమాట, వాటిని చూస్తే ఆ రోజు జనం దేని గురించి మాట్లాడుకున్నారో తెలిసిపోతుంది. కొందరు ఉత్తరం రాయకుండా ఆల్బంలో అతికించుకోవడానికే కొనేవారు. అందుకే వాడని కవర్లు ఈనాటికీ తేలిగ్గా దొరుకుతాయి. తపాలాలో నిజంగా ప్రయాణం చేసినవాటికే విలువ ఎక్కువ.

దక్షిణాదిలోనూ ఏడు నక్షత్రాల జెండాతో, తరువాత ఇంకా ఎక్కువ నక్షత్రాలతో కవర్లు వచ్చాయి. కానీ యుద్ధం సాగేకొద్దీ అక్కడ కాగితం కరువైంది. వచ్చిన కవరునే తిరగేసి మళ్ళీ వాడారు, గోడలకి అంటించే రంగుకాగితంతో కూడా కవర్లు చేసుకున్నారు.

కొత్తగా కొనేవారికి రెండు మూడు జాగ్రత్తలు. మొదట తపాలా ముద్ర చూడండి. స్టాంపు మీద మొదలైన సిరా గీత కవరు మీదకి కూడా సాగాలి. స్టాంపు అంచు దగ్గరే ఆగిపోతే, తరువాత ఎవరో అతికించి ఉండవచ్చు. దక్షిణాది చేతిలో మిగిలిపోయిన స్టాంపులు పనికిరాకుండా చెయ్యాలని, ఉత్తరాది ప్రభుత్వం 1861 ఆగస్టు నుంచి కొత్త స్టాంపులు తెచ్చి పాతవి రద్దు చేసింది. కాబట్టి 1863 ముద్ర ఉన్న ఉత్తరాది కవరు మీద పాత స్టాంపు కనిపిస్తే అనుమానించాల్సిందే. ఈ సంగతి తెలియక నేను ఒక సంతలో మోసపోయాను. ఇక దాచడం: స్టాంపు ఊడదీయకండి, బొమ్మ కత్తిరించకండి, మామూలు మెత్తటి ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, మైలార్ తొడుగు వాడండి.

ఇప్పుడు అసలు విషయం. నా దగ్గర ఉన్న ఒక కవరు మీద కొరడా పట్టుకున్న యజమాని, అతన్ని వెక్కిరిస్తూ కోట వైపు పరుగెత్తే నల్లజాతి బానిస ఉన్నారు. వేసింది దక్షిణాదితో పోరాడుతున్న పక్షమే. అయినా ఆ మనిషిని వేసిన తీరు నవ్వులాటకే. మా అమ్మాయి చూసి, "నాన్నా, పారిపోతున్న మనిషిని చూసి ఎందుకు నవ్వాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇద్దరం కూర్చుని వెతికాం. 1861 మే 23 రాత్రి ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్‌సెండ్, షెపర్డ్ మాలరీ అనే ముగ్గురు పడవలో వర్జీనియాలోని ఫోర్ట్ మన్రోకి చేరారు. వాళ్ళ చేత తిరుగుబాటు సైన్యానికి ఫిరంగి దిబ్బ కట్టిస్తున్నారు. జనరల్ బట్లర్ వాళ్ళని తిరిగి అప్పగించలేదు, శత్రువు దగ్గర పట్టుకున్న సరుకు, "కాంట్రాబాండ్", అన్నాడు. స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు, మనిషిని సరుకు అన్న మాటే. కానీ ఆ మాట అడ్డం పెట్టుకునే వేలమంది ఆ కోటకి చేరారు. ఆ కవరు బొమ్మ పుట్టింది ఆ సంఘటన నుంచే.

కవరు అమ్మేద్దామా అనుకున్నాను. మా అమ్మాయి వద్దంది. గోడకి తగిలించలేదు, పారేయనూ లేదు. ఆల్బంలో దాని పక్క పేజీలో ఆ ముగ్గురి పేర్లు తన దస్తూరీతో రాసింది. ఇంటికి వచ్చినవాళ్ళకి కవరు చూపిస్తే, ముందు ఆ పేజీ చదివించాకే చూపిస్తున్నాం.

మీ ఇళ్ళలోనూ పాత కాగితాలు ఉంటే, ఒకసారి పిల్లల చేతికివ్వండి. వాళ్ళు అడిగేదాకా మనకీ కొన్ని ప్రశ్నలు తోచవు. సెలవు.