వ్యాసమునకు వ్యవధి

“రేపటికి వ్యాసము వ్రాసికొని రండు.” పాఠశాలలలో సాయంకాలపు గంటకు ముందు తరచుగా వినవచ్చు మాట యిది. మరునాడు నలువది పుస్తకములు ఉపాధ్యాయుని బల్లపైకి చేరును. అన్నింటను వ్యాసము కలదు. అన్నింట నున్నది ఒకే వ్యాసము. వాక్యములు గైడువి, దస్తూరి మాత్రము పిల్లలది. పిల్లలు సోమరులైరనియు, భాషాభిమానము నశించెననియు మనము వగచుట పరిపాటి యైనది. కాని ఒక్క రాత్రిలో వ్యాసము వ్రాయుమని పదుమూడేండ్ల పసివాని నాజ్ఞాపించుట, గైడు తెరచి చూడుమని చెప్పకయే చెప్పుట యగును. ఇందు మొదటి లోపము గడువులోనే యున్నది.

రచన యనగా కలము కదలుట యొక్కటే కాదు. విషయమును తలపోయుట, తెలిసినవారి నడుగుట, చిత్తు వ్రాయుట, దానిని కొన్నాళ్లు ప్రక్కన నుంచుట, మరల చదివి కొట్టివేయుట, పిమ్మట సాపు వ్రాయుట—ఇన్ని పనులు దానిలో నిమిడి యున్నవి. పల్నాటి రైతు నడిగినచో ఈ సంగతి చక్కగా చెప్పగలడు. కోసిన మిరపకాయను ఆనాడే టిక్కీల కెత్తువాడు లేడు. కల్లములో పరచి, దినముల తరబడి ఎండనిచ్చి, తాలుకాయ నేరిన తరువాతనే గుంటూరు యార్డునకు తోలును. తడి ఆరని కాయ మూటలోనే బూజు పట్టును. ఆరని చిత్తును సాపు చేసిన వ్యాసము గతియు నంతే. వ్రాసిన మరుక్షణమున వ్రాసినవానికి తన తప్పు కనబడదు. తాను చెప్పదలచినదే కనబడును. రెండు దినములు గడచిన పిమ్మట చదివినచో తన వాక్యమే పరుని వాక్యమువలె తోచును. అప్పుడుగాని దిద్దుబాటు సాధ్యము కాదు.

ఒక ఉదాహరణము చూతము. గురజాల, మాచెర్ల ప్రాంతపు తొమ్మిదవ తరగతి పిల్లలకు కారంపూడి వీరారాధనోత్సవములను గూర్చి వ్రాయుమని చెప్పితి మనుకొందము. ఒక్క రాత్రియే గడువైనచో, భారతదేశము పండుగలకు నిలయమని మొదలై, మన సంస్కృతిని కాపాడుకొనవలెనని ముగియును. నడుమ కారంపూడి యుండదు. పది దినముల గడువిచ్చి చూడుడు. బాలిక తన నాయనమ్మ నడుగును. కార్తిక అమావాస్యతో మొదలై, రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు దినములు నడచు ఆ ఉత్సవములో ఏనాడేమి జరుగునో తెలిసికొనును. నాగులేటి యొడ్డున వీరాచారవంతులు కొణతములు పట్టి సాగుటను తలపునకు తెచ్చుకొనును. మందపోరునాడు చాపకూడు ఏల పెట్టుదురు, కులభేదము లేని ఆ పంక్తిని బ్రహ్మనాయుడే నెలకొల్పెనని జనులేల చెప్పుకొందురు అను ప్రశ్న ఆమెకు తోచును. ప్రశ్న పుట్టినచోటనే వ్యాసము పుట్టును. అట్టి ప్రశ్న పుట్టుటకు ఒక రాత్రి చాలదు.

మన సాహిత్యము ఆశుకవిత్వమును నెత్తిన పెట్టుకొన్నది గదా, తిరుపతి వేంకట కవులు నిండు సభలలో అప్పటికప్పుడు పద్యములు చెప్పలేదా యని కొందరడుగవచ్చును. మంచి ప్రశ్నయే. అష్టావధానమున సాధారణముగా జరుగునదేమో పరికింపుడు. సమస్య నిచ్చిన పృచ్ఛకునకు అవధాని ఒక పాదము చెప్పి, దత్తపది యిచ్చినవారి వంకకు తిరుగును. వారికొక పాదము చెప్పి మరియొకరి వంకకు సాగును. రెండవ పాదము రెండవ ఆవృత్తిలో వచ్చును. నాలుగవ ఆవృత్తికిగాని పద్యము పూర్తికాదు. వేగమునకే పేరుపొందిన విద్యలో సైతము పాదమునకు పాదమునకు నడుమ పెద్దలు ఎడము కల్పించిరి. ఆ వేగము వెనుక ఏండ్ల తరబడి చేసిన అభ్యాసమును కలదు.

ఇక మన పల్నాటి కవినే తలచుకొందము. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ ఉపాధ్యాయుడుగ కూడ పనిచేసిరి. 1932లో వెలువడిన వారి ‘ఫిరదౌసి’ కావ్యమునకు నాయకుడు, ‘షానామా’ను ముప్పదియేండ్లకు పైగా వ్రాసిన పారసీక మహాకవి. సుమారు 977లో మొదలైన ఆ గ్రంథము 1010లో ముగిసినది. పద్యమునకొక బంగారు నాణెము నిత్తునన్న గజనీ మహమ్మదు వెండి నాణెములు పంపెనని ఐతిహ్యము. మాట తప్పిన ప్రభువు కథగా దానిని మనము పాఠము చెప్పుచుందుము. ఒక మనుజుడు తన ఆయువును ధారపోసిన పనికి వెల కట్టుట యెట్లను ప్రశ్నయు అందులో నున్నది. బడిపిల్లల వ్యాసమును ఆ మహాగ్రంథముతో పోల్చుట నా ఉద్దేశము కాదు. కాని ముప్పదియేండ్ల రచనను తరగతిలో కొనియాడి, గంట కొట్టగానే, ముప్పది పంక్తులను తెల్లవారుసరికి తెమ్మనుట పొసగదు.

పరీక్షలో గడువుండదు గదా, వేగము నేర్పవలదా యను వాదమును కలదు. పరీక్ష నేర్చినదానిని చూపు చోటు; నేర్చుకొనుట అంతకు ముందే జరుగవలెను. మన రాష్ట్రపు పదవ తరగతి పరీక్షలో సైతము ప్రశ్నపత్రము చదువుకొనుటకు 15 నిమిషములు విడిగా నిచ్చుచున్నారు. ఆలోచనకు కాలము కావలెనని పరీక్షాధికారులే అంగీకరించినట్లు గదా! నింపాదిగా పది వ్యాసములు వ్రాసిన చేయి పరీక్షనాడు తనంత తానే వడిగా సాగును.

గడువు మాటలో న్యాయము మాటయు నిమిడి యున్నది. నరసరావుపేటలో ప్రత్యేకమైన గదియు, చదువుకొన్న తల్లిదండ్రులును గల బాలునకు రాత్రి యనగా నాలుగు గంటలు. మిరపకోతల దినములలో తల్లి చేనినుండి వచ్చువరకు తమ్ముని నెత్తుకొని, అన్నము వండు పల్లెబాలికకు రాత్రి యనగా నిద్రకు ముందరి అరగంట. ‘రేపటికి’ అను మాట ఇరువురికి నొక్కటే. గడువు మాత్రము ఒక్కటి కాదు. కావున దినములు పెంచుటతో సరిపెట్టక, పనిలో కొంత బడిలోనే చేయింపవలెను. మొదటినాడొక పీరియడు విషయచర్చకు, నాలుగవనాడొకటి చిత్తునకు, ఏడవనాడొకటి ఒకరి చిత్తు నొకరు చదివి చెప్పుకొనుటకు కేటాయించి, పదవనాడు సాపు తీసికొనవచ్చును. నెలకిట్టి వ్యాస మొక్కటి చాలును. సిలబసు వెనుకబడునని జంకనక్కరలేదు. మూడు పీరియడులలో పిల్లలు చేయునది భాషాధ్యయనమే. నలువది పుస్తకములను ఒక్కనాడు దిద్దలేని ఉపాధ్యాయుడు చిత్తులను దినమునకు పది చొప్పున చూడగలడు.

నేడు గైడుకన్న చురుకైన సాధనము పిల్లల చేతికి వచ్చినది. సెల్‌ఫోనులో అడిగినంతనే వ్యాసము వ్రాసి యిచ్చు యంత్రములు వెలసినవి. త్వరయే మన కొలబద్ద యైనచో గెలుపు యంత్రముదే. దానిని నిషేధించుటకన్న సాపుతోపాటు చిత్తును చూపుమనుట మేలు. నాయనమ్మ ఏమి చెప్పెను, ఈ వాక్యము నేల కొట్టివేసితివి అని అడుగుట మేలు. అయితే, దినము లిచ్చిన ఉపాధ్యాయునకే ఆ ప్రశ్న లడుగు హక్కు కలదు.

వచ్చు కార్తికమున మన ప్రాంతపు బడులలో ఈ పద్ధతిని పరీక్షించి చూడవచ్చును. ఉత్సవమునకు ముందే విషయము నిచ్చి, అది ముగిసిన వారమునకు సాపు తీసికొనుడు. నలువది పుస్తకములలో తప్పులు కొన్ని ఉండవచ్చును. ఆ తప్పులు సైతము పిల్లల సొంతమై యుండును. దిద్దుటకు మనకు నిజముగా పని దొరకునది అప్పుడే.