‘వీలునామా వుంది’ అంటే సరిపోదు

పెద్దకర్మ అయిన మర్నాడు కాగితం బయటికొస్తుంది. మనిషి బతికున్నన్నాళ్లూ దాని ఊసే లేదు. చనిపోయినాయన వేలిముద్ర, కింద ఇద్దరి సంతకాలు. వున్న రెండెకరాలూ తమ్ముడి కొడుక్కి రాసిచ్చినట్టు! భార్య పేరు లేదు, ఆడపిల్లల పేర్లు లేవు. ‘మీ ఆయనే రాశాడమ్మా, మేమేం చేస్తాం?’ అంటారు పెద్దమనుషులు. వచ్చే ఏరువాకకి ఆమె తన చేలోనే కూలికి పోతుంది.

పూర్వం యిలాంటి పనులు కరణం కలంతో జరిగేవి. 1984లో కరణాల పదవులు పోయాయి. కలం మాత్రం చేతులు మారింది, అంతే.

కాగితం చూడగానే భూమి వొదులుకోనక్కర్లేదు. 1925 వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం వీలునామాకు కనీసం యిద్దరు సాక్షులుండాలి. రాసినాయన సంతకమో వేలిముద్రో వేస్తుంటే ప్రతి సాక్షీ కళ్లారా చూసి వుండాలి, లేదా ‘నేనే వేశాను’ అని ఆయన తనతో చెప్పి వుండాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. కోర్టులో వీలునామా నిలబడాలంటే బతికున్న సాక్షుల్లో వొక్కరైనా బోనెక్కాలి. 1872 సాక్ష్య చట్టంలో వున్న యీ నియమం, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ వుంది.

ఎవరు రుజువు చేయాలి? కాగితం తెచ్చినవాడే! వెంకటాచల అయ్యంగార్ కేసులో 1958లోనే సుప్రీంకోర్టు యీ సంగతి తేల్చింది. లాభం పొందేవాడే దగ్గరుండి రాయించాడా? మంచాన పడ్డ మనిషికి తెలివి వుందా? భార్యాబిడ్డల్ని కారణం లేకుండా వొదిలేశారా? యిలాంటి అనుమానాలన్నీ తీర్చాల్సింది వాడే. అయితే వొక జాగ్రత్త. ‘బెదిరించి రాయించుకున్నారు’ అని మనం ఆరోపిస్తే, ఆ ముక్క రుజువు చేయాల్సింది మనమే.

‘రిజిస్టరయింది’ అని దబాయిస్తారు. వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, వున్నంత మాత్రాన అనుమానాలు చెరిగిపోవు. రాసినాయన పోయాక నకలుకు ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. ఆ తేదీన ఆయన ఆస్పత్రిలో వున్నాడేమో చీటీలు వెతకండి.

వీలునామా పోతే ఏమవుతుంది? హిందూ కుటుంబమైతే 1956 చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి వుంటే తల్లి సమాన వాటాదార్లు. వీళ్లుండగా తమ్ముడి కొడుకు వరసలోనే లేడు. పిత్రార్జితమైతే చనిపోయినాయన రాయగలిగిందే తన వాటా మేరకు.

పాసుపుస్తకంలో పేరు మారినంత మాత్రాన హక్కు రాదు. తహసీల్దారుకు రాతపూర్వకంగా ఆక్షేపణ యిచ్చి రశీదు తీసుకోండి. తేల్చేది మాత్రం సివిల్ కోర్టే. హక్కు ప్రకటన దావాకు గడువు సాధారణంగా మూడేళ్లే, కాబట్టి ‘చూద్దాంలే’ అనకూడదు. భూమి అమ్మకుండా ఆర్డరు కూడా అడగాలి. ప్లీడరు ఫీజు ఎక్కడ తెస్తామంటారా? 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వుంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు పెడితే చాలు.

కార్యకర్తలకు వొక మాట. సాక్షి సంతకం పెట్టిందెవరో ముందు చూడండి. చాలాసార్లు అతను ఆ ఆసామి దగ్గరే పాలేరు. ఏం కాగితమో తెలియక, కాదంటే పని పోతుందని పెట్టాడు. అతన్ని దొంగసాక్షి అని తిట్టకండి. రాత్రిపూట ఇంటికెళ్లి, పక్కన కూచుని అడగండి: ‘అన్నా, ఆయన వేలిముద్ర వేస్తుంటే నువ్వు చూశావా?’