పాత నోటుపుస్తకం మళ్ళీ కాగితం అవుతుందా?

పెనుబల్లి, సత్తుపల్లి ప్రాంతాల పిల్లలకు జామాయిల్ తోటలు కొత్త కాదు. కర్రను నిలువెత్తు పేర్చుకుని వెళ్ళే లారీలూ కొత్త కాదు. భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఇవతలి ఒడ్డున సారపాకలో పెద్ద కాగితం మిల్లు ఉంది. అది 1979లో ఉత్పత్తి ప్రారంభించింది. జామాయిల్, సుబాబుల్ కర్రలే దానికి ముఖ్యమైన ముడిసరుకు.

ఒక జామాయిల్ మొక్క కోతకు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. మరి మీరు జూన్‌లో కొన్న నోటుపుస్తకం ఆయుర్దాయం ఎంత? పది నెలలు! ఆ తర్వాత దాని గతి ఏమిటి?

ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే రెండు చక్రాలను చూడాలి. ఒకటి మిల్లు లోపల తిరుగుతుంది, రెండోది బయట.

మిల్లు లోపలి చక్రం

కర్రలో ఇంచుమించు సగం సెల్యులోజ్ అనే నారపదార్థం. ఈ నారలను ఒకదానికొకటి అతికించి ఉంచే జిగురులాంటి పదార్థం లిగ్నిన్. కాగితానికి కావలసింది నార. లిగ్నిన్‌ను తొలగించాలి. అందుకని కర్రను చిన్న ముక్కలుగా కొట్టి, సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్ కలిసిన ద్రావణంలో సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగిపోతుంది. నార గుజ్జుగా మిగులుతుంది.

గుజ్జును కడిగితే నల్లటి ద్రవం వస్తుంది. దాన్ని నదిలోకి వదిలితే నీటిలోని ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు చనిపోతాయి. పైగా ఖరీదైన రసాయనాలన్నీ అందులోనే ఉన్నాయి. కాబట్టి ఈ పద్ధతిలో నడిచే మిల్లులు ఆ ద్రవాన్ని చిక్కబరచి బాయిలరులో మండిస్తాయి. లిగ్నిన్ ఇంధనంగా మండి ఆవిరిని, ఆ ఆవిరి విద్యుత్తును ఇస్తాయి. బాయిలరు అడుగున కరిగిన సోడియం కార్బొనేట్, సోడియం సల్ఫైడ్ మిగులుతాయి. వీటిని నీటిలో కలిపి సున్నం వేస్తే సోడియం కార్బొనేట్ మళ్ళీ సోడియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. అడుగున పేరుకున్న కాల్షియం కార్బొనేట్‌ను బట్టీలో కాలిస్తే సున్నం తిరిగి వస్తుంది!

చూశారా? ఒక పనికి వ్యర్థమైనది మరో పనికి ముడిసరుకు అయింది. మంచి మిల్లుల్లో ఈ రసాయనాలలో నూటికి 95 పాళ్ళకు పైగా తిరిగి దక్కుతాయి. ఇలా వస్తువును పారవేయకుండా తిప్పి తిప్పి వాడుకునే పద్ధతినే ఇప్పుడు ‘వర్తుల ఆర్థిక వ్యవస్థ’ అంటున్నారు.

బయటి చక్రం

పాత కాగితానికీ ఇలాంటి చక్రమే ఉంది. దాన్ని నీటిలో నానబెట్టి చిలికితే మళ్ళీ గుజ్జు అవుతుంది. సబ్బులాంటి పదార్థాలు కలిపి, అడుగు నుంచి గాలి బుడగలు పంపితే సిరా రేణువులు బుడగలకు అంటుకుని పైకి తేలుతాయి. ఆ నురగను తీసివేస్తారు. తమిళనాడులో కోయంబత్తూరు సమీపాన ఇలా పాత కాగితంతో అట్టలు తయారుచేసే మిల్లు ఉంది. సారపాక మిల్లును నడిపే ఐ.టి.సి. సంస్థ దాన్ని 2004లో తీసుకుంది.

అయితే ఈ చక్రం ఎల్లకాలం తిరగదు. నానిన ప్రతిసారీ, ఆరిన ప్రతిసారీ నార పొట్టిదై, బిరుసెక్కుతుంది. అయిదారు సార్లు తిరిగాక కాగితంగా పట్టు నిలవదు. అందుకే కొంత కొత్త నార కలపక తప్పదు. కానీ ఒక్కసారి వాడి కాల్చేయడానికీ, అయిదుసార్లు వాడటానికీ ఎంత తేడా!

చక్రం తెగేది ఎక్కడ?

ఒక ఏడాది మా బడిలో పాత పుస్తకాలు, జవాబు పత్రాలు అమ్ముదామని వరండాలో ఒక మూల పోగు వేయించాను. పిల్లలు టిఫిను పొట్లాల కాగితాలూ, ప్లాస్టిక్ సంచులూ అందులోనే వేశారు. వాన జల్లు కొట్టింది. పాత కాగితాలు కొనే ఆయన వచ్చి, పోగును కర్రతో కదిపి చూసి, “ఇది నాకొద్దు సారూ” అన్నాడు. చివరికి బడి వెనక కాల్చేశాం. తప్పు నాదే. రెండు గోనెసంచులు వేరుగా పెట్టించి ఉంటే సరిపోయేది.

తడి, పొడి చెత్తను, ఇంటి ప్రమాదకర చెత్తను పుట్టినచోటే వేరు చేయాలని 2016 నాటి కేంద్ర నియమాలు చెప్పాయి. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమం కింద పంచాయతీలకు చెత్త ట్రాక్టర్లు వచ్చాయి. కానీ ఇంట్లోనే కలిసిపోయిన చెత్తను ట్రాక్టరు విడదీయలేదు. మిల్లు లోపలి చక్రం సాఫీగా తిరుగుతుందంటే అక్కడ ఏ గొట్టంలో ఏది పోవాలో అదే పోతుంది గనుక. బయటి చక్రంలో ఆ గొట్టాలం మనమే.

మీరే చేసి చూడండి

రెండు పాత కాగితాలు తీసుకోండి. ఒకదానికి వంటనూనె బాగా పట్టించండి. రెండింటినీ చింపి, వేర్వేరు గిన్నెల్లో గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టండి. విడివిడిగా రుబ్బండి. గుజ్జును వెడల్పాటి పళ్ళెంలోని నీటిలో కలిపి, దోమల జాలీ ముక్కతో పైకెత్తి, పాత నూలుగుడ్డల మధ్య అదిమి ఎండలో ఆరబెట్టండి.

రెండూ ఒకేలా నానాయా? ఏది పలచగా, సమంగా వచ్చింది? మీరు చేసిన కాగితం పాతదాని కంటే సులువుగా చిరిగితే, కారణమేమిటో పైన చదివిందే మళ్ళీ చూడండి. ఫలితాలను నోటుపుస్తకంలో రాసుకోండి. ఏడాది చివర ఆ పుస్తకాన్ని పొడిగా, వేరుగా దాచడం మరవకండి.