సిర్ఫిడ్ ఈగలు: రాజాం ప్రాంత పైర్లలో వాటి వర్గీకరణ, జీవావరణం

ఉత్తర కోస్తా వ్యవసాయ మండలంలోని రాజాం పరిసరాల్లో ఖరీఫ్ వరి తరువాత మాగాణుల్లో మినుము, పెసర వేయడం వాడుకలో ఉన్న పద్ధతి. నేలలో మిగిలిన తేమతోనే పెరిగే ఈ పైర్లలో పూత, పిందె దశలో పేనుబంక ఆశిస్తుంది. ఆ గుంపుల మధ్య కాళ్లు లేని, లేత ఆకుపచ్చని చిన్న పురుగు ఒకటి కనిపిస్తుంది. దానిని కాయతొలిచే పురుగుగా పొరబడి మందు పిచికారీ చేస్తే, పైరుకు మేలు చేసే ప్రాణినే చంపినట్లవుతుంది. అది పేనుబంకను తిని బతికే సిర్ఫిడ్ ఈగ పిల్లపురుగు. కాబట్టి ఈ కుటుంబ వర్గీకరణ విస్తరణ శాస్త్రవేత్తకు నిత్యం పొలంలో అవసరమయ్యే పరిజ్ఞానం.

గుర్తింపు లక్షణాలు

డిప్టెరా క్రమంలోని సిర్ఫిడే కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6,000 జాతులు ఉన్నాయి. మన దేశపు జాతులను ఎన్రికో బ్రూనెట్టి 1923లో ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ గ్రంథమాలలో వర్ణించాడు. పసుపు, నలుపు పట్టీలతో ఇవి తేనెటీగలను, కందిరీగలను పోలి ఉంటాయి. కుట్టలేని ఈ ఈగలకు ఆ పోలికే రక్షణ. తేనెటీగకు రెండు జతల రెక్కలుంటే వీటికి ఒకే జత ఉంటుంది. రెండవ జత స్థానంలో సమతూకానికి తోడ్పడే చిన్న గదల వంటి అవయవాలుంటాయి. స్పర్శశృంగాలు పొట్టివి. రెక్క మధ్యలో ఏ ఈనెతోనూ కలవని మిథ్యా ఈనె ఈ కుటుంబపు ముఖ్య లక్షణం. గాలిలో ఒకేచోట నిలిచి ఎగరడం పొలంలో మొదటి ఆనవాలు.

ఉపకుటుంబాలు, ఆహారపు అలవాట్లు

ఈ కుటుంబాన్ని చిరకాలం మూడు ఉపకుటుంబాలుగా విభజించారు. 2015లో వెలువడిన వర్గవికాస అధ్యయనం పిపిజినేను నాలుగవ ఉపకుటుంబంగా వేరుచేసింది. ఈ విభజనను పిల్లపురుగుల ఆహారంతో జోడించి చదివితే విద్యార్థికి సులువుగా గుర్తుంటుంది. సిర్ఫినే, పిపిజినే పిల్లపురుగులు ప్రధానంగా పేనుబంక వంటి మెత్తని పురుగులను తింటాయి. మైక్రోడాంటినే పిల్లపురుగులు చీమల పుట్టల్లో పెరుగుతాయి. ఎరిస్టాలినే పిల్లపురుగులు ఎక్కువగా కుళ్లిన పదార్థంపై జీవిస్తాయి. మురుగునీటిలో పొడవైన శ్వాసనాళంతో గాలి పీల్చే ‘ఎలుకతోక’ పురుగులు ఈ చివరి వర్గానివే.

పైర్లలో తరచుగా కనిపించే సిర్ఫినే జాతుల్లో ఎపిసిర్ఫస్ బాల్టియేటస్, ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్, పారాగస్ సెర్రేటస్ ముఖ్యమైనవి. మొదటి దాని ఉదరంపై ఒక్కో ఖండానికి రెండేసి నల్లని పట్టీలుంటాయి. రెండవ దాని వక్షం అంచుల వెంట పసుపు చారలుంటాయి. పారాగస్ వీటికంటే బాగా చిన్నది. కళ్లపై చుక్కలు లేదా చారలుండి, రెక్కలోని పొడవు ఈనె ఒకటి లోతుగా వంపు తిరిగి ఉంటే అది ఎరిస్టాలినస్ ప్రజాతి ఈగ కావచ్చు.

జీవావరణం

తల్లి ఈగ పేనుబంక గుంపుల చెంత తెల్లని, కోలగా ఉన్న గుడ్లను విడివిడిగా పెడుతుంది. రెండు మూడు రోజుల్లో పొదిగి వచ్చిన పిల్లపురుగు పేనుబంకను నోటితో పైకెత్తి, రసం పీల్చి, తొక్కను వదిలేస్తుంది. మూడు దశలు పూర్తయ్యేలోగా వందల సంఖ్యలో పేనుబంకను తినగలదు. ఆపై ఆకుకు అంటుకొని నీటిబొట్టు ఆకారంలో ప్యూపాగా మారుతుంది. డిప్లజాన్ లెటటోరియస్ అనే పరాన్నజీవి కందిరీగ ఈ పిల్లపురుగులను ఆశించి, తరువాత ప్యూపా నుంచి వెలువడుతుంది. అందుచేత కనిపించిన ప్రతి ప్యూపా ఈగగా మారుతుందని లెక్కించరాదు.

పెద్ద ఈగలు మాత్రం పూలపైనే ఆధారపడతాయి. మకరందం ఎగరడానికి శక్తినిస్తే, పుప్పొడి గుడ్ల పరిపక్వతకు తోడ్పడుతుంది. విజయనగరం జిల్లాకు మామిడి ముఖ్యమైన పంట. మామిడి పూత పరపరాగ సంపర్కంలో ఈగలది ప్రధాన పాత్ర. వాటిలో సిర్ఫిడ్‌లూ ఉన్నాయి. గత్తం గోతి పక్కన మురుగులో పెరిగిన ఎలుకతోక పురుగు ఈగగా మారి మామిడి పూతను చేరవచ్చు. పూత విప్పారిన వేళ మందు కొడితే ఈ సేవకు అంతరాయం కలుగుతుంది.

యాజమాన్యంలో స్థానం

పేనుబంక మగతో కలయిక లేకుండానే పిల్లలను పెడుతుంది. వారం పది రోజుల్లో కొత్త తరం సిద్ధమవుతుంది. సిర్ఫిడ్‌కు ఒక తరానికి రెండు నుంచి మూడు వారాలు కావాలి. డైమిథోయేట్ వంటి విస్తృత ప్రభావం గల మందు రెంటినీ చంపినప్పుడు ముందుగా తేరుకునేది పేనుబంకే. స్వల్పకాలిక అపరాల పైరులో మిత్ర పురుగులు తిరిగి పుంజుకునేలోగా కాయ దశ దాటిపోతుంది.

కనుక పిచికారీకి సిఫారసు చేసే ముందు కొమ్మలను దగ్గరగా పరిశీలించాలి. పలు పిల్లపురుగులు రాత్రివేళ మేస్తూ పగలు దాగి ఉంటాయి. వాటిని వేకువనే వెతకడం మేలు. ఆకులపై నల్లని జిగురు విసర్జన, ఖాళీ తొక్కలు వాటి ఉనికిని తెలుపుతాయి. అక్షింతల పురుగులతో పాటు వీటినీ లెక్కించాలి. హైదరాబాద్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ సూచించే వ్యవసాయ జీవావరణ విశ్లేషణలో శత్రు, మిత్ర పురుగుల నిష్పత్తి 2:1 అన్నది సాధారణ ప్రమాణం. ఒక్కో సిర్ఫిడ్ పిల్లపురుగు అంతకంటే ఎంతో ఎక్కువ పేనుబంకను అదుపు చేయగలదని గుర్తుంచుకోవాలి. గట్లపై ధనియాలు, ఆవాలు చల్లితే పెద్ద ఈగలకు పుప్పొడి, మకరందం లభిస్తాయి. అయితే అవి పైరు కంటే ముందుగా పూతకు వచ్చేలా విత్తుకోవాలి. గట్ల మీది గడ్డి చేమంతి పూలకు సైతం ఈ ఈగలు వస్తాయి. గట్లను ఒకేసారి పూర్తిగా చెక్కివేయకుండా దఫాలుగా శుభ్రం చేయడం ఖర్చులేని సంరక్షణ.